పాత 407కు ఏసీ ఎందుకు పెట్టించినమంటే

పాత బండికి ఏసీ ఏందని చాలామంది అడుగుతున్నరు. అందరికీ ఒక్కతాన చెప్తున్న, జర ఓపికగా చదవండి.

మేం నలుగురు రైతులం కలిసి నడుపుకునే టాటా 407 ఉన్నది. తుప్పు గీకి, బాడీకి కొత్త చెక్క వేసి, రంగులేయించి మళ్లీ కొత్తదాని లెక్క చేసుకున్నం. 407 మొదట వచ్చింది 1986లో. ఇంజిన్ డ్రైవర్ మోకాలి పక్కనే కవర్ కింద ఉంటది. ఆ వేడి ఎట్లుంటదో నడిపినోళ్లకే తెలుసు.

రాత్రి టమాట, వంకాయ ఎక్కించి తెల్లారేసరికి చిక్కడపల్లి, నారాయణగూడ దిక్కు దించుతం. తర్వాత అశోక్‌నగర్‌ల కోచింగ్ తీసుకునే మన ఊరి పిల్లలకు బియ్యం, పచ్చళ్లు ఇచ్చి వస్తం. తిరుగు దారిల మిట్టమధ్యాహ్నం అయితది. పోయిన మే నెలల మా డ్రైవర్ తమ్మునికి కండ్లు తిరిగినయి. చెట్టు కింద బండి ఆపగలిగిండు కాబట్టి బతికిండు.

నలుగురం కూర్చున్నం. "ఆ పైసలతోని ప్లాస్టిక్ ట్రేలు కొందాం, టమాట నలగదు" అన్నడొకాయన. ఆ మాటల న్యాయమే ఉన్నది. అప్పుడు అశోక్‌నగర్‌ల గ్రూప్స్‌కు చదువుతున్న మా అన్న కొడుకు చెప్పిండు: "చిన్నాయనా, 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ట్రక్కుల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరని కేంద్రం 2023 డిసెంబర్‌లనే నోటిఫికేషన్ ఇచ్చింది. లోడుతో కలిపి 3.5 టన్నులు దాటే సరుకు బండ్లకు అది వర్తిస్తది." పాత బండ్లకు ఆ రూల్ లేదు. కానీ ఎండ పాత బండి, కొత్త బండి అని చూడదు కదా. ట్రేలు వచ్చే పంటకు కొందామని ఒప్పుకున్నరు.

మీరు పెట్టియ్యాలనుకుంటే వరుస ఇది. ముందు వేడి లోపలికి రాకుండ చెయ్యాలి. తలుపుల రబ్బరు బీడింగ్ మార్చాలి, ఇంజిన్ కవర్‌కు, టాప్ లోపలికి వేడి ఆపే షీటు వెయ్యాలి, పెడల్స్ కాడి సందులు మూయాలి. ఇది చెయ్యకుంటే ఎంత పెద్ద ఏసీ అయినా దండగే.

తర్వాత కంప్రెసర్. దాన్ని ఇంజిన్ బెల్టు తిప్పుతది. బ్రాకెట్ గట్టిగ ఉండాలి, పుల్లీలు ఒక్క వరుసల ఉండాలి, లేకుంటే బెల్టు తెగుతది. కండెన్సర్ రేడియేటర్ ముంగట వస్తది. నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి దాకా ట్రాఫిక్‌ల బండి పాకుతుంటే దానికి గాలి తగలదు, అందుకే కరెంటు ఫ్యాన్ పెట్టాల్సిందే. రేడియేటర్ ముందే కడిగించండి. ఫ్యాన్, బ్లోయర్ రెండూ కరెంటు గుంజుతయి కాబట్టి పాత ఆల్టర్నేటర్ సరిపోతదో లేదో చూపించండి. సామాన్లు కొనేముందు బండి 12 వోల్టులదా, 24 వోల్టులదా చూసుకోండి. వైరింగ్‌కు రిలే, ఫ్యూజు లేకుంటే నిప్పంటుకునే ప్రమాదం.

గ్యాస్ నింపేముందు వాక్యూమ్ పంపుతో పైపులల్ల గాలి, తడి గుంజెయ్యాలె. ఈ పని చెయ్యకుండ నింపే మెకానిక్‌ను నమ్మకండి. లోపల దిగే నీళ్లు బయటికి పోయే పైపు కూడా మరువద్దు.

డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతది, నిజమే. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ బంద్ చెయ్యమని చెప్పినం. తిరుగు దారిల మాత్రం నడవనిస్తం. ఆ డీజిల్ ఖర్చు నలుగురం సమానంగ పంచుకుంటున్నం, డ్రైవర్ జీతంల కోయం.

అందరికీ ఇది కుదరదు, నాకు తెలుసు. కుదరనోళ్లు కనీసం ఇంజిన్ కవర్‌కు షీటు వేయించండి, క్యాబిన్‌ల నీళ్ల క్యాను, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టండి. ఎండాకాలం పగలు పన్నెండు నుంచి మూడు దాకా బండిని నీడకు ఆపుకోమనండి. లేటయితే తిట్టకండి. మన పంట మార్కెట్‌కు చేరేది ఆ మనిషి చేతుల మీదనే.