నంబరు చెప్పాల్సిన పేరు

12 జూన్ 2025, గురువారం

అడ్మిషన్ల కబురు మోసుకెళ్లిన మెయిళ్లు కుప్పలుగా తిరిగొచ్చాయి. లాగ్‌లో అన్నిటికీ ఒకటే కారణం: 550, పంపుతున్న ఐపీకి పీటీఆర్ రికార్డు లేదు. కాలేజీకి కొత్త నెట్ లైను వచ్చింది, దాంతోపాటు కొత్త స్టాటిక్ ఐపీ. మా డొమైన్‌లో పేరుకు నంబరు చెప్పే ‘ఏ’ రికార్డు, మా పేరుతో ఎవరు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ కొత్త నంబరుకు మారే ఉన్నాయి. ఆ నంబరును పట్టుకుని ‘నీ పేరేమిటి’ అని అడిగితే మాత్రం బదులు లేదు. ఆ బదులు చెప్పాల్సిందే పీటీఆర్ రికార్డు. లైను ఇచ్చిన కంపెనీకి టికెట్ పెట్టాను. ఈలోగా పిల్లలు కంగారు పడకూడదని ఎస్సెమ్మెస్‌లు పంపించాం.

13 జూన్, శుక్రవారం

ప్రిన్సిపాల్ మేడం అడిగారు: “డొమైన్ మనదే కదండీ, మనమే రాసుకోలేమా?”

రాసుకోలేం. పేరు నుంచి నంబరుకు వెళ్లే దారి డొమైన్ యజమానిది. నంబరు నుంచి పేరుకు వచ్చే దారి ఆ ఐపీ బ్లాకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. 203.0.113.25 పేరు తెలియాలంటే అంకెలు తిరగేసి 25.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా అని వెతకాలి. ఐపీలో పెద్ద భాగం ఎడమన ఉంటుంది, డీఎన్‌ఎస్ పేర్లలో కుడిన. అందుకే ఈ తిరగేత. పొలం నాదని నేను చెప్పుకోవడం వేరు, పహాణీలో నా పేరుండటం వేరు అన్నాను. మేడంకు వెంటనే అర్థమైంది.

14 జూన్, శనివారం

అవతలి సర్వర్లది అనవసరపు పట్టుదల కాదు. వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్లు యజమానికి తెలియకుండానే స్పామ్ కక్కుతాయి. వాటి ఐపీలకు పీటీఆర్ ఉండదు, ఉన్నా ఐపీ అంకెలతోనే అల్లిన పేరు ఉంటుంది. ఎవరో పూనుకుని అడిగి పెట్టించిన పేరు ఉందంటే, ఆ యంత్రానికి జవాబుదారీ ఒకరున్నారని గుర్తు.

అయితే బ్లాకు చేతిలో ఉన్నవాళ్లు పీటీఆర్‌లో ఎవరి పేరైనా రాసేయగలరు. అందుకే వచ్చిన పేరును మళ్లీ ముందువైపు నుంచి అడుగుతారు. అదే ఐపీ తిరిగొస్తేనే నమ్మకం. పీటీఆర్, ‘ఏ’ రికార్డు ఒకదానితో ఒకటి సరిపోవాలని 1996లోనే ఆర్‌ఎఫ్‌సీ 1912 చెప్పింది. జీమెయిల్‌కు పంపేవాళ్లందరికీ 2024 ఫిబ్రవరి నుంచి ఇది నిబంధన.

17 జూన్, మంగళవారం

పీటీఆర్ పడింది. డీఎన్‌ఎస్‌ను అడిగే డిగ్ ఆదేశంతో రెండు వైపులా చూశాను, సరిపోయాయి. మా మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్ పలకరింపులో చెప్పే పేరు కూడా అదే. మెయిళ్లు వెళ్తున్నాయి. ఇంతమాత్రాన ఇన్‌బాక్సులో చోటు ఖాయం కాదు. డీకిమ్ సంతకం, పంపే తీరు, ఐపీకి ఉన్న మంచిపేరు వేరే లెక్క. కానీ ఇది లేకపోతే గడప దగ్గరే ఆగిపోతాం.

ఇకపై నెట్ లైను ఒప్పందంలోనే రాయించాలి: అడిగిన పేరుతో పీటీఆర్ పెట్టాలి, ఇంతలోగా పెట్టాలి అని. మెయిలంతా రెండు మూడు పెద్ద కంపెనీల చేతికే పోకుండా, ఒక కాలేజీ తన ఉత్తరం తనే పంపుకోగలగాలన్నది నా పట్టుదల. అది నిలవాలంటే ఈ రికార్డుల్లో ఒక్కటీ వదలకూడదు.