మాటిమాటికీ ఆరిపోయే మంట

కొత్త ఇల్లు కొనుక్కున్నవాళ్ళకి ఈ కబుర్లతో పనిలేదు, హాయిగా పేజీ తిప్పేయండి. డెట్రాయిట్ చుట్టుపక్కలో షికాగో శివార్లలోనో, స్కూళ్ళు బాగున్నాయనీ రేటు అందుబాటులో ఉందనీ ఎప్పుడో 1960ల్లో కట్టిన ఇల్లు కొని, దాంతోపాటు బేస్‌మెంట్‌లో ఓ ముసలి గ్యాస్ ఫర్నేస్‌ని కూడా తెచ్చుకున్నారే, నా మాటలన్నీ మీతోనే. బయట మంచు. లోపల అత్తగారూ మామగారూ స్వెట్టర్ మీద స్వెట్టర్, మంకీ క్యాపులతో. హీటు రావడం లేదు. సెల్‌ఫోన్ లైటు వేసుకుని కిందికి దిగుతారు, పైలట్ ఆరిపోయి ఉంటుంది. వెలిగిస్తారు. రెండ్రోజులకి మళ్ళీ ఆరుతుంది. అప్పుడు నాబోటివాడికి ఫోన్ చేస్తారు. చేసి, "ఎలా వెలిగించాలండీ" అని అడుగుతారు. ఎందుకు ఆరుతోందని అడిగేవాళ్ళు మహా తక్కువ.

మన ఊళ్ళో కిళ్ళీకొట్టు గుంజకి ఒక కొబ్బరితాడు వేలాడుతూ, కొస రాజుకుంటూ ఉండేది గుర్తుందా? సిగరెట్ కొన్నవాడల్లా అగ్గిపుల్ల ఖర్చు లేకుండా దాంతో ముట్టించుకునేవాడు. పైలట్‌దీ అదే ఉద్యోగం. చలికాలమంతా చిటికెనవేలంత మంట వెలుగుతూనే ఉంటుంది. థర్మోస్టాట్ అడిగినప్పుడల్లా పెద్ద బర్నర్లు దాన్నుంచి అంటుకుంటాయి. 1992 నుంచి అమెరికాలో కొత్త ఫర్నేస్‌లకి కనీసం 78 శాతం సామర్థ్యం ఉండాలన్న నిబంధన వచ్చాక, ఇరవైనాలుగ్గంటలూ గ్యాసు తాగే ఈ మంట వాటిలోంచి దాదాపుగా మాయమైంది. మా ఫర్నేస్ కొత్తదేగా అని మురిసిపోకండి, పక్కనున్న వాటర్ హీటర్ కింద వంగి చూస్తే చాలా ఇళ్ళల్లో ఇదే మంట కనిపిస్తుంది.

ఆ మంటలోకి మొన పెట్టి ఒక సన్నటి లోహపు పుల్ల నిలబడి ఉంటుంది. అదే థర్మోకపుల్. రెండు వేరువేరు లోహాలని కలిపి ఒక అతుకుని వేడిచేస్తే, పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఇదంతా అయస్కాంతం మహిమ అనుకున్నాడు పాపం; నిజానికి అక్కడ కరెంటు పారుతోంది. మన పుల్లలో పుట్టేది ఇంచుమించు 30 మిల్లీవోల్టులు, టీవీ రిమోట్‌లో వేసే సెల్లులో యాభయ్యో వంతు. గ్యాస్ వాల్వు లోపలున్న బుల్లి విద్యుదయస్కాంతానికి ఆ కాస్తే ఆధారం. వాల్వుని తెరిచే బలం దానికి లేదు, తెరిచినదాన్ని పట్టుకుని ఉండే బలం మాత్రం ఉంది. తెరిచే పని మీ బొటనవేలిది. అందుకే వెలిగించేటప్పుడు బటన్ అర నిమిషం, ఒక్కోసారి నిమిషం దాకా నొక్కిపట్టాలి. మంట ఆరితే కరెంటు పోతుంది, వాల్వు మూసుకుంటుంది. ఇల్లు గ్యాసుతో నిండకుండా కాపాడేది ఆ పుల్లే. దాన్ని తిట్టుకోకండి.

సరే, మీ పైలట్ ఎలా ఆరుతోందో చెప్పండి. నొక్కి ఉన్నంతసేపూ బాగా వెలిగి, వదలగానే టప్పున ఆరుతోందా? చాలామటుకు థర్మోకపుల్ పనే. ముందు దాని కొసని వాల్వుకి బిగించే నట్టు వదులైందేమో చూడండి. వేళ్ళతో బిగిసినంత బిగించి, ఆపైన పానాతో పావు చుట్టు. పానా చేతికొస్తే బలం చూపించాలనిపిస్తుంది మనకి. ఇక్కడ వద్దు, లోపలి కొస నలిగిపోతుంది. కొత్త థర్మోకపుల్ హార్డ్‌వేర్ దుకాణంలో పదీ ఇరవై డాలర్లకి దొరుకుతుంది. అది వేసినా అదే తంతు అయితే లోపం వాల్వులో ఉండొచ్చు, అది టెక్నీషియన్ చూసుకోవాల్సిన పని.

లేక అసలు మంటే నీరసంగా, పసుపుపచ్చగా ఊగుతోందా? మంచి పైలట్ నీలంగా, నిటారుగా ఉండి థర్మోకపుల్ మొనని అర అంగుళం మేర కప్పాలి. పచ్చబడిందంటే లోపలికి గాలి సరిగ్గా అందడం లేదు, సూదిబెజ్జమంత దారిలో దుమ్మో తుప్పో చేరింది. వేసవంతా ఆర్పి ఉంచిన ఫర్నేస్‌లో సాలీడు కాపురం పెట్టడం కూడా మామూలే. గ్యాసు కట్టేసి, విప్పి, గాలితో ఊది శుభ్రం చేయించాలి. గుండుసూది పెట్టి పొడవొద్దు, బెజ్జం పెద్దదైతే అసలుకే మోసం.

మూడో రకం ఉంది, గంటల తరబడి వెలిగి ఎవరూ చూడనప్పుడు ఆరిపోయేది. మా స్నేహితుడింట్లో ఎక్కువగా ఆదివారాలే ఆరేది. థర్మోకపుల్ మార్చారు, పైలట్ శుభ్రం చేయించారు, అయినా ఆదివారం వచ్చిందంటే ఆరడమే. చివరికి వాళ్ళావిడ పట్టేసింది. "మనం పోపు పెట్టినప్పుడల్లా చలేస్తోందండీ" అంది. ఆదివారం నలుగురొస్తారు, పులిహోర, చేపల వేపుడు, వంటింట్లో కొత్తగా పెట్టించిన పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను ఫుల్లు మీద. కింద ఫర్నేస్ పక్కనే బట్టల డ్రయర్. రెండూ కలిసి ఇంట్లో గాలిని బయటికి తోసేస్తుంటే, కిటికీలు బిగించిన ఇంట్లోకి మళ్ళీ గాలి ఎక్కణ్ణుంచి రావాలి? ఫర్నేస్ పొగగొట్టంలోంచే! ఆ విసురుకి పైలట్ ఆరుతోంది. ఫ్యాను తిరుగుతుండగా కిటికీ కొంచెం తెరిచి చూశారు, ఆరలేదు. తర్వాత బయటి గాలి లోపలికొచ్చేలా వేరే గొట్టం వేయించారు. ఆరడం వాళ్ళ అదృష్టమనే చెప్పాలి. పైలట్ ఆరకుండా బర్నర్లు మండుతూ ఉంటే, ఆ పొగగొట్టంలోంచి పైకి పోవాల్సినదంతా ఇంట్లోకే వచ్చేది.

ఒక్క లక్షణం కనిపిస్తే మాత్రం మన పనితనం అక్కడితో ఆపేయాలి. బ్లోయర్ తిరగడం మొదలవగానే మంట పక్కకి వాలినా, ఎగిరిపడినా, హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలిందేమోనని అనుమానించాలి. బర్నర్ల మంటకీ మనం పీల్చే గాలికీ మధ్య అడ్డుగోడ అదే. పగిలితే కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వచ్చేస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం వస్తే ఫ్లూ అనుకుని దుప్పటి కప్పుకుంటాం. ఫర్నేస్ ఆపేసి మనిషిని పిలవండి.

వంటగ్యాసుకీ పుట్టుకతో వాసన ఉండదు సుమా. 1937 మార్చి 18న టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊళ్ళో వాసన లేని గ్యాసు లీకై బడి పేలింది. దాదాపు మూడు వందల మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాసుకి ఆ కుళ్ళు కంపు కలపాలని టెక్సస్ చట్టం చేసింది. మన దేశంలో సిలిండర్ గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పరుచుకుంటుంది. ఇక్కడి పైపు గ్యాసు తేలిక, పైకి పోతుంది. ఊరికి దూరంగా ప్రొపేన్ ట్యాంకు పెట్టించుకున్న ఇళ్ళల్లో మళ్ళీ నేలబారునే. కాబట్టి నాబ్ ఆఫ్‌లో పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, కిందా పైనా వాసన చూశాకే వెలిగించండి. వాసనొస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా అందరూ బయటికెళ్ళి, అక్కణ్ణుంచి గ్యాసు కంపెనీకి ఫోన్ చేయండి.

అర్ధరాత్రి వెలిగించుకుంటూ కూర్చునేవాళ్ళని నేను తప్పుపట్టను. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీటు, మన లెక్కలో మైనస్ 30 దాటింది. అలాంటి రాత్రి హీటు లేకపోతే గోడల్లో నీళ్ళ పైపులు పగులుతాయి. వాసన లేదు, మంట నీలంగా నిలకడగా ఉంది అనుకుంటే ఆ రాత్రికి కానివ్వండి. తెల్లారాక టెక్నీషియన్‌కి "ఆరుతోంది" అని చెప్పి ఊరుకోకండి. ఎప్పుడు ఆరుతోందో చెప్పండి: వదలగానేనా, ఫ్యాను తిరిగితేనా, ఈదురుగాలి రోజునా. అతనికి పని సులువు, మీకు బిల్లు తేలిక.

ఈలోగా ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే తీసి వెనక తేదీ చదవండి. కాలం చెల్లిన డిటెక్టర్ టెస్ట్ బటన్ నొక్కితే కూస్తుంది గానీ, విషాన్ని పసిగడుతుందన్న నమ్మకం లేదు.