టెర్రస్ తాళంచెవి

మా అపార్ట్‌మెంట్ టెర్రస్‌కి తాళం వేయించింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పుకోవడం సులువు.

రెండేళ్ల కిందటి ఎండాకాలం. సగ్గుబియ్యం వడియాలు పాత చీర మీద పెట్టి ఆరేసి వచ్చాను. సాయంత్రం వెళ్లి చూస్తే చీర మధ్యలో పెద్ద ఖాళీ, పక్కనే రెండు సిగరెట్ ముక్కలు. ఎవరి పిల్లలో నాకు తెలుసు, చెప్పను. ఆ నెల అసోసియేషన్ మీటింగులో లేచి, "పిల్లలు పిట్టగోడ ఎక్కి కూర్చుంటున్నారు, రేపేదైనా అయితే ఎవరిది బాధ్యత?" అని అడిగాను. వడియాల సంగతి ఎత్తలేదనుకోండి. అందరూ నిజమేనన్నారు. తాళం పడింది. చెవి వాచ్‌మన్ దగ్గర.

ఈ ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలని ఫైర్ స్టేషన్ వాళ్లు మా కాలనీకి వచ్చారు. ఏటా 14 నుంచి 20 దాకా చేస్తారు. 1944లో ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండు ఉన్న ఓడ అంటుకుని పేలిపోతే, ఆర్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బందే ఎంతోమంది చనిపోయారట. వాళ్ల జ్ఞాపకంగా ఈ వారం. పార్కులో సిలిండర్‌కి మంట పెట్టి, తడి గోనెసంచితో ఎలా ఆర్పాలో చూపించారు. ఆడవాళ్లని ముందుకు రమ్మంటే అందరం ఒకళ్లనొకళ్లు తోసుకున్నాం. చివరికి నేనే వెళ్లాను. సంచిని మన చేతులకి అడ్డంగా పట్టుకుని, మనవైపు నుంచి అటువైపుకి కప్పాలి. ఆరిపోయింది. ఇంతకాలం గ్యాస్ వాసనకే గుండె దడదడలాడిన దాన్ని, ఆ రోజు కాస్త గర్వంగానే ఇంటికొచ్చాను. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదనీ, స్టవ్ కట్టేసి మూత పెట్టేయాలనీ, గ్యాస్ వాసన వస్తే స్విచ్ వెయ్యడమూ ఆపడమూ రెండూ చేయకూడదనీ కూడా చెప్పారు. మనలో చాలామందికి తెలిసినవే. తెలిసినవి ఆ సమయానికి గుర్తొస్తాయా అన్నదే నా అనుమానం.

మా సెక్రటరీ గారు ఊరుకోకుండా, "సార్, మా బిల్డింగ్ కూడా ఒకసారి చూసి పోరాదూ" అని అడిగారు. మాది స్టిల్ట్ మీద ఐదంతస్తులు, ఇరవై ఇళ్లు. హైరైజ్ కింద లెక్కకొచ్చేంత ఎత్తు మాది లేదట. కట్టిన దగ్గర్నుంచీ మా గడప తొక్కి ఈ సంగతులు అడిగినవాళ్లు లేరు. అడిగేవాళ్లు లేరు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాం.

వచ్చినాయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. ముందు కింద గోడకున్న ఎర్ర సిలిండర్ దించారు. నేను రోజూ దాని పక్కనుంచే పాలకి వెళ్తాను. దానికి చిన్న గడియారంలాంటిది ఉంటుందనీ, ముల్లు పచ్చరంగులో ఉండాలనీ ఆ రోజే చూశాను. మా దాని ముల్లు ఎరుపులో పడి ఉంది. చీటీ మీద 2014 అని ఉంది, బిల్డర్ మాకు ఇళ్లప్పగించిన ఏడు. ఆయన దాన్ని తిరగేసి చెవి దగ్గర పెట్టుకుని, "పౌడర్ గడ్డకట్టిందమ్మా, వానాకాలంలో ఉప్పు డబ్బాలాగా" అన్నారు.

తర్వాత మెట్ల కింద కరెంటు మీటర్లు. ఇరవై మీటర్లూ అక్కడే. వాటి కింద పాత పేపర్ల కట్టలు, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె, ఎవరిదో పరుపు, సగం మిగిలిన పెయింట్ డబ్బాలు. అట్టపెట్టె మాదే. రెండడుగుల దూరంలో రెండు కరెంటు స్కూటర్లు, కిటికీలోంచి వేలాడదీసిన ఎక్స్‌టెన్షన్ వైరుతో ఛార్జింగ్ అవుతున్నాయి. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బజార్‌ఘాట్ గుర్తుందామ్మా?" అన్నారు.

గుర్తు లేకపోవడమేమిటి. 2023 నవంబర్ 13, దీపావళి మర్నాడు. ఇంకా ముగ్గు చెరిగిపోలేదు, టీవీలో ఆ నాంపల్లి అపార్ట్‌మెంటే. కింద కెమికల్ డ్రమ్ములు పెట్టుకున్నారు, మంట కింద పుట్టింది, పై అంతస్తుల వాళ్లు పోయారు. తొమ్మిది మంది.

"మంట పైదాకా రానక్కర్లేదమ్మా. పొగ వస్తుంది. మన మెట్లే దానికి పొగగొట్టం."

ఆయన లిఫ్ట్ ఎక్కలేదు. ఒక్కో అంతస్తూ నడుచుకుంటూ, ప్రతి మలుపులోనూ ఆగి చూసుకుంటూ ఎక్కారు. నాలుగో అంతస్తులో మా గుమ్మం ముందు పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. ఒకవైపు మా చెప్పుల అలమార, ఎదురుగా నాలుగు వందల రెండు వాళ్లది, దానికి చేరేసి వాళ్లబ్బాయి సైకిలు. మా అలమార మీద వినాయకుడు, ఒక మనీప్లాంటు. వచ్చినవాళ్లందరూ బాగుందంటారు. ఆయన కూడా, "బాగుందమ్మా, లోపల పెట్టుకోండి" అన్నారు.

ఇంక టెర్రస్. తాళం.

వాచ్‌మన్ మంచినీళ్ల క్యాన్లకి వెళ్లాడు. చెవి వాళ్లావిడ దగ్గరుందన్నాడు ఫోన్లో. ఆమె పక్క బిల్డింగులో గిన్నెలు తోముతోంది. ఆమె వచ్చి రేకుపెట్టె తెరిచి గుత్తి తెచ్చింది. అందులో ఏది ఈ తాళానిదో తెలియలేదు. నేను ఫోన్లో టైం చూస్తూనే ఉన్నాను. పద్నాలుగు నిమిషాలు. ఆయన విసుక్కోలేదు, పై మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకున్నారు.

"కిందికి దారి లేకపోతే జనం పైకే పరుగెత్తుతారమ్మా. ఇక్కడిదాకా వస్తారు." అంతే అన్నారు. ఆ మూసిన తలుపు వైపు ఒకసారి చూసి ఊరుకున్నారు.

తాళం ఎవరు వేయించారని ఆయన అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

దిగిపోయాక రోడ్డు మీద నిలబడి పైకి చూపించారు. "ఆ నాలుగో అంతస్తు గ్రిల్ ఎవరిది?" మాదే. మావాడికి రెండేళ్లప్పుడు బాల్కనీలో కుర్చీ ఎక్కి తొంగిచూశాడని, నేను రెండు రోజులు అన్నం మానేసి మరీ పెట్టించిన గ్రిల్. దాని మీద పావురాలకని నైలాన్ నెట్. "దొంగ లోపలికి రాలేడు, మంచిదే. మేం నిచ్చెన వేసుకుని వస్తే మిమ్మల్ని ఎక్కడ్నుంచి దించుకోమంటారు?"

నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా నేను పిల్లాణ్ణి కాపాడుకున్న గ్రిల్ అది. మనకి ఇల్లంటే గొళ్లెం, తాళం, గ్రిల్. ఎవరూ లోపలికి రాకుండా చూసుకోవడమే నేర్పారు మనకి. లోపలి వాళ్లు బయటికెలా వెళ్తారని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రాత్రి 2025 మే 18 నాటి గుల్జార్‌హౌజ్ వార్తలు మళ్లీ తీసి చదివాను. పదిహేడు మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఆదివారం పొద్దున, బంధువులంతా ఒకచోట చేరిన ఇల్లు. రావడానికీ పోవడానికీ ఒకటే ఇరుకు మెట్లదారి. అప్పుడు చదివి ఏడ్చాను. పాతబస్తీ పాత ఇల్లు కదా, మాది కొత్తదే కదా అని కూడా అనుకున్నట్టు గుర్తు.

అన్నాలప్పుడు మావారు మామూలుగానే అన్నారు, "మంటలొస్తే లిఫ్ట్ వాడకూడదట. అమ్మని ఎలా దించుతాం?"

అత్తయ్యకి డెబ్బై ఆరు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఈ ఇంటికొచ్చాక మెట్లు దిగిందే లేదు. మజ్జిగన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండా, "దించేదేముందిరా. పిల్లాణ్ణి తీసుకుని మీరు వెళ్లిపోండి. నేను దేవుడి దగ్గర కూర్చుంటాను" అంది. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది. మా అబ్బాయి కంచం వదిలేసి లేచిపోయాడు. పదో తరగతి పిల్లాడు, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నాడని మాకు తెలుస్తూనే ఉంది.

ఆవిడ ఆ లెక్క ఎప్పటినుంచో వేసుకునే ఉందని నాకప్పుడు అర్థమైంది. మేమే వేసుకోలేదు.

మర్నాడు మావాడే మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ కుర్చీలో నాన్నమ్మని కూర్చోబెట్టి తనొక పక్క, వాళ్ల నాన్నొక పక్క పట్టుకుని ఒక అంతస్తు దించి చూశారు. కుర్చీ కాళ్లు వంగాయి. ఇనప కుర్చీ తెచ్చారు. అత్తయ్య సిగ్గుతో చచ్చిపోయింది, "పెళ్లికూతురిని గంపలో మోసినట్టు ఏమిటర్రా" అని. రెండో రోజు ఆవిడే కర్ర తీసుకుని, ఒక్క అంతస్తు తనే దిగుతానంది. నాలుగు నుంచి మూడు, అక్కడ్నుంచి లిఫ్టులో పైకి. మొత్తం డెబ్బై మెట్లని మావాడు లెక్కపెట్టాడు. మే చివరికి ఆవిడ డెబ్బయ్యీ దిగింది, మధ్యలో రెండుసార్లు కూర్చుని. పదకొండు నిమిషాలు పట్టింది. కింద వాచ్‌మన్ బల్ల మీద కూర్చుని, "ఇక్కడ గాలి బాగుందే" అంది.

మిగతావి ఒక్కోటీ ఒక్కో రామాయణం. ఎర్ర సిలిండర్లు అంతస్తుకొకటి కొత్తవి పెట్టాలంటే మెయింటెనెన్స్ మీద అదనం ఎవరిస్తారని నెల రోజులు నడిచింది. నాలుగిళ్ల వాళ్లు ఇప్పటికీ ఇవ్వలేదు. మీటర్ల కింద శుభ్రమైంది. స్కూటర్లకి గోడ దగ్గర వేరే పాయింటు పెట్టించారు. మా గ్రిల్‌లో వెల్డర్ చేత తలుపు కోయించాను, మనిషి పట్టేంత. దానికి తాళం ఉంది, చెవి పక్కనే మేకుకి. నెట్ ఆ మేర కత్తిరించేశాను. పావురాలు వస్తున్నాయి, కడుక్కుంటున్నాను.

టెర్రస్ తాళం గురించి మీటింగులో మళ్లీ నేనే లేచాను. వేయించిందీ నేనే, వేయించడానికి అసలు కారణం వడియాలనీ చెప్పేశాను. అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు లోపలివైపు గొళ్లెం ఒక్కటే. సిగరెట్ ముక్కలు మళ్లీ కనిపిస్తున్నాయి. వడియాలకి నేనే గొడుగేసుకుని కాపలా కూర్చుంటున్నాను.

చెప్పుల అలమార లోపలికి తెచ్చాక మా హాలు ఇరుకైంది. ఎదురింటావిడ మాత్రం తనది కదల్చలేదు. "మీరేదో ఇన్స్పెక్టర్ అయినట్టు" అని ఒకమాట కూడా అంది. రెండు నెలలు మాటల్లేవు. పోయిన వారం అత్తయ్య కర్రతో దిగుతుంటే సైకిలు హ్యాండిల్ చీర కొంగుకి పట్టుకుంది. పడలేదు, రెయిలింగ్ దొరికింది. ఆవిడ తలుపు తీసి చూసింది. ఏమీ అనలేదు. సాయంత్రానికి సైకిలు కింద పార్కింగులో ఉంది. అలమార ఇంకా అక్కడే ఉంది.