బైపాస్ తర్వాతి ఖర్చు

గుండె శస్త్రచికిత్సకు ఆస్పత్రి చెప్పే ప్యాకేజీ ధర అంతా సవ్యంగా కోలుకునే రోగిని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. ఆపరేషన్, ఐసీయూలో ఇన్ని రోజులు, వార్డులో ఇన్ని రోజులు, మామూలుగా వాడే మందులు అందులో ఉంటాయి. రక్తస్రావం ఆగక ఛాతీని మళ్లీ తెరవాల్సి వచ్చినా, మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ అవసరమైనా, ఐసీయూ రోజులు పెరిగినా ఆ ఖర్చు చాలాచోట్ల ప్యాకేజీకి బయట పడుతుంది. ఎస్టిమేట్ కాగితం చేతికి వచ్చినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న మొత్తం ఎంత అని కాదు, ఏ పరిస్థితిలో ఆ మొత్తం పెరుగుతుంది అని.

తర్వాత వచ్చే సమస్యలకు ఒక కాలక్రమం ఉంది. డబ్బు సర్దుబాటు కూడా ఆ క్రమాన్నే అనుసరించాలి. మొదటి వారంలో ఎక్కువగా కనిపించేది గుండె లయ తప్పడం. వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ సమస్య బైపాస్ చేయించుకున్నవారిలో సుమారు 20 నుంచి 40 శాతం మందికి వస్తుంది, అదీ చాలావరకు రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య. మందులతోనే ఎక్కువమందికి అదుపులోకి వస్తుంది. కానీ ఐసీయూలో ఉండాల్సిన రోజులు పెరుగుతాయి, కొందరికి రక్తం గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టాల్సి వస్తుంది. పక్షవాతం నూటికి ఒకరిద్దరికి వస్తుంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం, న్యుమోనియా కూడా ఈ దశలోనో, కొన్ని వారాల తర్వాతో తలెత్తుతాయి.

ఖర్చు పరంగా అన్నిటికంటే బరువైనది ఛాతీ ఎముక ఇన్ఫెక్షన్. ఆపరేషన్‌లో నిలువుగా కోసిన రొమ్ము ఎముకను స్టీలు తీగలతో బిగించి మూస్తారు. అది గట్టిపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మధుమేహం, ఊబకాయం, పొగ తాగే అలవాటు ఉన్నవారిలో లోపలికి చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఇది అరుదు, నూటికి ఒకటి రెండు కేసులు. వస్తే మాత్రం గాయాన్ని మళ్లీ తెరిచి శుభ్రం చేయాలి, వారాల తరబడి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇవ్వాలి, కొన్నిసార్లు ప్లాస్టిక్ సర్జన్ కండరంతో ఆ చోటును కప్పాలి. జ్వరం, గాయం నుంచి స్రావం, దగ్గినప్పుడు ఎముక కదిలినట్టు అనిపించడం దీని సూచనలు. ఇవి కనిపించిన రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఖర్చవుతుందని నాలుగు రోజులు ఆగడం ప్రాణానికే ముప్పు, డబ్బుకూ అదే పెద్ద నష్టం.

ఇలా తిరిగి ఆస్పత్రిలో చేరినవారికి బీమా నిబంధన ఒకటి అడ్డొస్తుంది. ఆస్పత్రిలో చివరిసారి చూపించుకున్న రోజు నుంచి 45 రోజుల్లోపు అదే జబ్బు తిరగబెడితే రెండింటినీ ఒకే అనారోగ్యంగా లెక్కిస్తారు. బీమా మొత్తం బైపాస్‌కే అయిపోయి ఉంటే, ఆ మొత్తాన్ని మళ్లీ నింపే రీస్టోర్ సదుపాయం అదే జబ్బుకు వర్తించని పాలసీలు చాలా ఉన్నాయి. కాబట్టి మొదటి బిల్లు తర్వాత బీమా ఎంత మిగిలిందన్నది చాలా ముఖ్యం.

చేతి నుంచి పెట్టాల్సిన ఖర్చుపై గది ఎంపిక కూడా ప్రభావం చూపుతుంది. పాలసీలో రోజు అద్దె పరిమితి 5,000 రూపాయలు ఉండగా 10,000 రూపాయల గది తీసుకుంటే, అద్దెతో పాటు సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల వంటివాటిలోనూ సగమే చెల్లించే వీలు కంపెనీకి ఉంటుంది. మందులు, శరీరంలో అమర్చే పరికరాలు, పరీక్షలు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత వర్తించకూడదని 2020లో బీమా నియంత్రణ సంస్థ చెప్పింది. అయినా బైపాస్‌లో సర్జన్ బృందం ఫీజు చిన్న మొత్తం కాదు. ఈ వ్యాసకర్త ఇంట్లో పెద్దాయనకు ఆపరేషన్ కుదిరినప్పుడు బంధువులు విడి గది అన్నా, ఇంటివారు పరిమితిలో వచ్చే షేరింగ్ గదికే ఒప్పుకున్నారు. మొదటి రోజులు ఎలాగూ ఐసీయూలోనే గడుస్తాయి. అక్కడ విడి గది వల్ల రోగికి ఒరిగేది లేదు.

అదే ఇంట్లో మరో నిర్ణయం డబ్బు ఏ వరుసలో వాడాలన్నది. ముందే తెలిసిన ఖర్చుకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను రద్దు చేశారు. గడువుకు ముందు తీస్తే వడ్డీ కొంత తగ్గుతుంది, అంతే. బంగారాన్ని ముట్టుకోలేదు. ఎందుకంటే బంగారం తాకట్టు పెడితే అదే రోజు డబ్బు చేతికొస్తుంది, మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అమ్మితే రెండు మూడు పనిదినాలు పడుతుంది, పర్సనల్ లోన్‌కు వడ్డీ ఎక్కువ. తెలియని ఖర్చు ఏ అర్ధరాత్రో వస్తుంది కనుక అన్నిటికంటే త్వరగా డబ్బుగా మారేదాన్ని దానికోసం ఉంచారు. గుండె లయ తప్పి ఐసీయూ రోజులు పెరిగినప్పుడు, తర్వాత ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీయించాల్సి వచ్చినప్పుడు ఆ కుటుంబం ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఈ వరుస ఏ ఇంటికైనా పనికొస్తుంది.

డిశ్చార్జి తర్వాతి బిల్లులకు గడువులు వేరువేరు. చాలా పాలసీలు, 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని సహా, 60 రోజుల వరకు మందులు, పరీక్షలు, డాక్టర్ ఫీజులు తిరిగి ఇస్తాయి. కేంద్రం ఆయుష్మాన్ భారత్‌లో ఈ గడువు 15 రోజులే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ విషయంలో ముందుచూపుతో వ్యవహరించింది. గుండె ఆపరేషన్లు సహా ఎంపిక చేసిన చికిత్సలకు ఏడాది పాటు ఉచిత ఫాలోఅప్, మందులు చేర్చింది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య ఆసరా పేరుతో కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. పోయిన కూలి కూడా ఆపరేషన్ ఖర్చులో భాగమేనని ఒక ప్రభుత్వ పథకం ఒప్పుకోవడం ఎంతో విలువైన విషయం. ఎముక అతికే దాకా బరువులెత్తడం, డ్రైవింగ్ కుదరవు. ఆటో నడిపేవారికి, హమాలీకి, కౌలు రైతుకు ఆ రెండు మూడు నెలల ఆదాయం పూర్తిగా ఆగిపోతుంది. ఆపరేషన్ తర్వాత దిగులు కమ్ముకోవడం కూడా తరచుగా జరిగేదే. అది పనిలోకి తిరిగి వెళ్లడాన్ని మరింత ఆలస్యం చేస్తుంది. ఫిజియోథెరపిస్ట్ పర్యవేక్షణలో వ్యాయామం చేయించే కార్డియాక్ రిహాబ్‌కు అయ్యే ఖర్చును ఇళ్లలో ముందుగా కొట్టేస్తుంటారు. నిజానికి కోలుకోవడానికి పెట్టే ఖర్చుల్లో అంత ఫలితమిచ్చేవి తక్కువ.

ఆ తర్వాత మిగిలేది ఏళ్ల తరబడి సాగే ఖర్చు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ దాదాపు జీవితాంతం వాడాలి. డాక్టరు సమ్మతితో జన ఔషధి కేంద్రాల్లో జెనరిక్ మందులు కొంటే నెలవారీ బిల్లు బాగా తగ్గుతుంది. కవాటం మార్చినవారి లెక్క వేరు. లోహపు కవాటం ఎక్కువకాలం మన్నుతుంది కానీ రక్తం పలచబరిచే మందు, దాని ప్రభావాన్ని కొలిచే ఐఎన్ఆర్ రక్తపరీక్ష జన్మంతా తప్పవు. జంతు కణజాలంతో చేసిన కవాటానికి ఆ బాధ తక్కువ, అయితే సుమారు పది పదిహేనేళ్లకు అరిగి మళ్లీ మార్చాల్సి రావచ్చు. పరీక్ష చేసే ల్యాబ్ దగ్గరలో లేని పల్లెవాసికి ఆ ప్రయాణాల ఖర్చు కూడా డాక్టరుతో మాట్లాడాల్సిన విషయమే. బైపాస్‌లో కాలి నుంచి తీసి కలిపిన సిరల్లో దాదాపు సగం పదేళ్లలో మూసుకుపోతాయి. ఛాతీ లోపలి ధమనితో వేసిన మార్గం పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభై దాకా తెరిచే ఉంటుంది.

ఇలా మళ్లీ చికిత్స అవసరమయ్యే అవకాశం ఉన్నా, ఆపరేషన్ అయినవారికి కొత్త పాలసీ దొరకడం కష్టం. దొరికినా, 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్ల దాకా పాత జబ్బుకు వేచి ఉండాల్సి రావచ్చు. అందుకే ఉన్న పాలసీ ప్రీమియం గడువు తప్పకుండా కట్టడం మిగతా పొదుపులన్నిటికంటే ముందు రావాలి. ఇంతకుముందు క్లెయిమ్ చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు.