ఎనర్జీ లోపల ఏముంది?



రోజూ డ్రిల్లులో సారు మనల్ని "ఎనర్జెటిక్‌గా ఉండండి" అంటారు. ఒంట్లో సత్తువతో, హుషారుగా ఉండమని దాని అర్థం. ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా?

గ్రీకు భాషలో పుట్టింది. అందులో 'ఎన్' అంటే లోపల, 'ఎర్గాన్' అంటే పని. ఈ రెండింటి నుంచి 'ఎనర్గియా' వచ్చింది. క్రీ.పూ. 384 నుండి 322 వరకు జీవించిన అరిస్టాటిల్ అనే పండితుడు ఈ మాట వాడాడు. అదే ఇంగ్లీషులో ఎనర్జీ అయ్యింది. 1807లో థామస్ యంగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని భౌతికశాస్త్రంలో వాడాడు.

ఈ ఎర్గాన్‌కి చుట్టాలు చాలా ఉన్నాయి. మన సైన్సులో వచ్చే ఎర్గ్ అదే. కోటి ఎర్గులు కలిస్తే ఒక జౌల్. జార్జి అనే పేరుకు అర్థం భూమి పని చేసేవాడు, అంటే రైతు. 1894లో కనిపెట్టిన ఆర్గాన్ వాయువు పేరుకు అర్థం పని చేయనిది, అంటే సోమరి! అది దేనితోనూ కలవదని ఆ పేరు పెట్టారు. పొద్దున లేవనివాళ్ళకు కూడా ఈ పేరు బాగుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. పని, శక్తి పాఠం ప్రకారం మా అమ్మ 20 కిలోల కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని చదును దారిలో ఎంత దూరం నడిచినా, భూమ్యాకర్షణకు ఎదురుగా చేసిన పని సున్నా. నాకు కోపం వచ్చింది. మరి అంత చెమట ఎందుకు పడుతుందని సారును అడిగాను. "మోపు పైకి లేవలేదు కాబట్టి మోపు లెక్క సున్నా. కానీ కండరాలు బిగపట్టినంతసేపూ తిన్న తిండిలోని శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. అందుకే అలుపు" అన్నారు.

అదే మోపుతో 100 మీటర్ల ఎత్తు కొండ ఎక్కితే 20 × 9.8 × 100, అంటే 19,600 జౌళ్ళు. ఇది మోపు ఒక్కదాని లెక్కే, అమ్మ బరువు కలపలేదు. మా ఊరు కొండ మీదే ఉంది!

మా ఇంట్లో మొదట బడికొచ్చింది నేనే. "మేం చదువుకోనోళ్ళం, మాకేం తెలుసు" అంటుంది అమ్మ. ఈసారి సెలవుల్లో ఈ లెక్క మా భాషలో ఆమెకు చెప్తాను. ఇంగ్లీషోళ్ళ అంత పెద్ద మాట లోపల ఉన్నది పనేనని, అది తనకు బాగా తెలుసని చెప్తాను.

మీరు కూడా మీ అమ్మానాన్నలు మోసే బరువుల లెక్క కట్టి తీసుకురండి. ఈ గోడ మీదే రాద్దాం.

— 9వ తరగతి విద్యార్థిని