తిథి అంచున

ఫిబ్రవరి 9, రామచంద్రపురం
పంచాంగం ప్రోగ్రాం ఒకటే, సోర్స్ కోడూ ఒకటే. చైత్ర అమావాస్య ముగిసే క్షణం ఇస్తే ల్యాప్‌టాప్ తిథి చెప్పింది, ఫోన్‌లో ప్రోగ్రాం కూలిపోయింది. చంద్ర, సూర్య స్థానాల తేడాని 12తో భాగిస్తే తిథి. పట్టికలో 0 నుంచి 29 దాకా పేర్లుంటే ఫోన్ 30వ దాన్ని అడుగుతోంది.

ఫిబ్రవరి 10
దొరికింది. మేషంలో 20 డిగ్రీల దగ్గర రెండు స్థానాలూ చివరి బిట్‌లో తేడా పడితే వచ్చేది −3.6 × 10⁻¹⁵. రుణసంఖ్య కాబట్టి 360 కలుపుతాం. కానీ 360 దిగువన డబుల్‌లో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడమే 5.7 × 10⁻¹⁴. అంత చిన్న తేడా అందులో నిలవక, మొత్తం సరిగ్గా 360 అయిపోయింది. కలిపాక 360 వస్తే సున్నా చెయ్యాలి. ఇది ఎక్కడైనా తప్పనిసరి.

ఫోన్‌లోనే ఎందుకంటే, అక్కడి క్లాంగ్ కంపైలర్ గుణకారాన్నీ కూడికనీ ఒకే ఆదేశంగా కలిపి ఒక్కసారే రౌండ్ చేస్తుంది. మామూలు 64 బిట్ ఇంటెల్ బిల్డ్ రెండుసార్లు చేస్తుంది. కలపొద్దని ఆప్షన్ పెట్టాను. అయినా సైన్, కొసైన్ విలువలు చివరి బిట్ దాకా అన్నిచోట్లా ఒకేలా రావాలని ఐఈఈఈ 754 ప్రమాణం పట్టుబట్టదు. లైబ్రరీ మారితే మళ్ళీ తేడానే.

ఫిబ్రవరి 12
చాలామంది పోలికలో ఎప్సిలాన్ అని 2.2 × 10⁻¹⁶ పెడతారు. 360 దగ్గర అది సరిసమానం చూడటంతో సమానం, పనికిరాదు.

పెదనాన్నగారు సిద్ధాంతి. విని, "ఆ తేడా ఆకాశంలో ఎంతసేపురా?" అన్నారు. సెకనుకి చంద్రుడు సూర్యుణ్ణి దాటి సుమారు 0.00014 డిగ్రీ పోతాడు. ఆ లెక్కన మన తేడా సెకనులో వందకోట్లో వంతు కూడా కాదండీ అన్నాను. రోజు తిథిని సూర్యోదయాన్ని బట్టి తేలుస్తాం. ఆ సూర్యోదయానికి వాడే 34 కళల వక్రీభవనమే వాతావరణాన్ని బట్టి మారుతుంది, దృక్‌కీ పూర్వపద్ధతి పంచాంగానికీ తిథి ముగింపులో గంటల తేడా వస్తుంది. అలాంటప్పుడు పదిహేనో దశాంశం దగ్గర ఉదయతిథి తేల్చెయ్యడం నాకు న్యాయంగా తోచలేదు.

అందుకని సూర్యోదయం, తిథ్యంతం నిమిషం లోపల కలిస్తే ప్రోగ్రాం తీర్పివ్వదు. రెండు సమయాలూ చూపిస్తుంది, వ్రతం ఏ రోజో సిద్ధాంతి చెబుతారు. పెదనాన్నగారు ఒప్పుకున్నారు.

రేపు డల్లాస్ సూర్యోదయంతో నడిపి చూడాలి. అక్కడ చెల్లి ఏకాదశి ఏ రోజో అడుగుతోంది.