పిడి లేని కప్పు

చిలకలగూడలో మా ఇల్లు ఎక్కడని అడిగితే "ఆ పెంకుల అరుగు ఇల్లు" అని చెప్పేటోళ్లు.

అమ్మ సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక హోటల్లో కప్పులు కడిగేది. పగిలిన కప్పులు, బసులు పారేస్తుంటే కొంగున కట్టుకొని తెచ్చేది. నాయిన తాపీ పని చేసేవాడు. మారేడుపల్లి బంగళాల మీద చైనా మొజాయిక్ వేసేటోడు. విరిగిన తెల్ల టైలు ముక్కలను స్లాబు మీది సిమెంటులో దగ్గర దగ్గరగా ఒత్తి, సందులను తెల్ల సిమెంటుతో పూడుస్తారు. ఎండ ఆ తెలుపు మీద పడి వెనక్కి పోతది. కింద ఇల్లు సల్లగుంటది. పగలంతా పరాయి ఇండ్లను సల్లజేసి వచ్చి, రాత్రి మా రేకుల కింద ఉడికిపోతూ పండేటోడు నాయిన.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం మేస్త్రీనడిగి మిగిలిన సిమెంటు తెచ్చి మా మట్టి అరుగు మీద పరిచిండు. అమ్మ గోనెసంచి విప్పింది. నీలం పూల బసులు, ఎర్ర అంచు కప్పులు. బసి అడుగు చదునుగా ఉంటది, పెద్ద ముక్కయినా కూర్చుంటది. కప్పుకు వంపు ఉంటది, గోరంత ముక్కలు చేస్తేనే కూర్చుంటది. అది నాయిన ఆనాడు నాకు నేర్పిన పాఠం.

చివరికి ట్రంకుపెట్టెలోంచి ఒక కప్పు తీసిండు. దానికి పిడి లేదు. భువనగిరి దిక్కు మా ఊరి హోటల్ కప్పు అది. అక్కడ మాదిగోల్ల కప్పులు వేరే. చూరులో చెక్కి ఉండేవి. మేమే తీసుకొని, బయట కూసొని తాగి, మేమే కడిగి, మళ్లీ చూరులోనే పెట్టాలె. హోటల్లో అందరి పాత్రలు మాకు వాడుకోనియ్యకపోతే నేరమని 1955లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం మా ఊరి చూరు దాకా రాలేదు. ఊరిడిచిన రాత్రి నాయిన తన కప్పును తాను ఎత్తుకొచ్చిండు.

"మంచిగనే ఉన్నది గద, ఉప్పన్న పోసుకుందాం" అన్నది అమ్మ.

"దీంట్ల ఉప్పు గూడ వద్దు" అన్నడు. సుత్తెతో కొట్టి, ముక్కలను అరుగు నడుమ ఒత్తిండు. సిమెంటు ఆరినంక వాటి మీదనే కూసొని చాయ్ తాగిండు.

పారేసినవాటిని వాడుకోవడం మాకెవ్వరూ నేర్పనక్కరలేదు. మా బతుకంతా అదే. కానీ అవమానం అంటిన కప్పును కప్పుగా వాడుకోలేం. పగలగొట్టినంకనే అది మనదైతది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంటర్‌లో చేరినంక ఆ అరుగంటే నాకు సిగ్గు. దోస్తులను గల్లీ మలుపులోనే ఆపేవాణ్ణి. ఉద్యోగం వచ్చి స్లాబు ఇల్లు కట్టినప్పుడు నేనే గడ్డపారతో తవ్విచ్చి, నున్నటి బండ పరిపించిన. నాయిన ఏమనలేదు. కూలోళ్లు చెత్త ఎత్తుతుంటే వంగి ఏదో ఏరుకున్నడు.

తర్వాత ఒకసారి మీటింగుకు పోయి చండీగఢ్‌లో రాక్ గార్డెన్ చూసిన. నేక్ చంద్ రోడ్ ఇన్‌స్పెక్టరు. దేశ విభజనలో సొంత ఊరు పోగొట్టుకున్న మనిషి. పగిలిన పింగాణీ, గాజులు ఏరి ఏండ్ల తరబడి ఎవరికీ తెలియకుండా కట్టిండు. 1976లో జనానికి తెరిచినరు. టికెట్ కొని జనం అబ్బురంగా చూస్తున్నరు. ఆయనకు మనసులో దండం పెట్టుకున్న. మా నాయిన కట్టినదాన్ని కూలగొట్టింది మాత్రం సర్కారు కాదు, నేను.

నాయిన పోయినంక ట్రంకుపెట్టెలో గుడ్డమూట దొరికింది. ఇంత సిమెంటు గడ్డకు అంటుకొని ఆ కప్పు ముక్కలు.

వాటిని మా గుమ్మం పక్క గోడలో నా చేతులతోనే పెట్టిన. నాకు తాపీ పని రాదు. వంకరగా కూర్చున్నయి. వచ్చినోళ్లు ఇదేందని అడుగుతరు. లోపలికి పిలిచి, చాయ్ పోసి, చెప్తున్న.